ఎడమ పక్క స్పీకరు

మా ఇంట్లో పాటలన్నీ మెట్ల కింద పెట్టిన కంప్యూటర్లోంచే వస్తాయి. మా అమ్మాయి ఇంటర్ చదివేటప్పుడు కొన్న కంప్యూటరు అది. తను లాప్‌టాప్ పట్టుకుని విశాఖపట్నం హాస్టలుకి వెళ్ళాక దుమ్ము పట్టి పడి ఉంటే, నేనే తుడిచి, లోపల పెద్ద డిస్కు వేయించి, ఇంట్లో ఉన్న క్యాసెట్లూ సీడీలూ ఒక్కొక్కటిగా అందులోకి ఎక్కించాను. పాత టేప్‌రికార్డరు హెడ్‌ఫోన్ కన్నంలోంచి వైరు తీసి కంప్యూటరుకి కలిపేదాన్ని. క్యాసెట్టు మొదట్నుంచి చివరిదాకా మోగుతుంటే అది లోపల రికార్డయ్యేది. ఆ పని వేసవంతా సాగింది.

కంప్యూటరు పక్కన అరచేయంత పెట్టె ఒకటి ఉంటుంది. పాట అందులోంచి ఆంప్లిఫయరుకి, అక్కణ్ణుంచి హాల్లో ఉన్న రెండు చెక్క స్పీకర్లకి వెళ్తుంది. గోడ వెంబడి ఇంకో వైరు వంటింట్లోకి, మరొకటి పైన మా పడకగదిలోకి. ఏ గదిలో పాట రావాలో, ఏ గదిలో ఆగాలో ఫోన్లో నొక్కితే చాలు. ధవళేశ్వరంలో ఉన్న మా ఇంట్లో నేనూ, మా ఆయనా, అత్తగారూ ముగ్గురమే. మా ఆయన రాజమండ్రిలో లెక్కల మాస్టారు. నేను ఊళ్ళోనే ఇరిగేషన్ ఆఫీసులో పని చేస్తాను. "ఆఫీసులో కాలవలకి నీళ్ళొదిలింది చాలక, ఇంట్లో గదులకి పాటలొదులుతుందమ్మా నీ కోడలు" అని ఆయన వాళ్ళమ్మతో అంటుండేవారు. అత్తగారికి మాత్రం వంటింటి స్పీకరు లేకపోతే పొయ్యి వెలిగేది కాదు. పొద్దున్నే భక్తిపాటలు, కూర తరిగేటప్పుడు భాగవతం మీద ఉపన్యాసం, సాయంత్రం పాత సినిమా పాటలు.

ఆ ఆదివారం లేచినప్పటినుంచే నా ఎడమ చెవి దిబ్బడేసినట్టుంది. జలుబు చేస్తుంది కాబోలనుకున్నాను. తలస్నానం చేశాక నీళ్ళు వెళ్ళాయేమో అనుకున్నాను. జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, హాల్లో నా కుర్చీలో కూర్చుని ఒక వయొలిన్ కచేరీ పెట్టాను. నేనెన్నోసార్లు విన్నదే. ఆ కుర్చీలో కూర్చుంటే వయొలిన్ సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ, గడియారం కింద ఎవరో కూర్చుని వాయిస్తున్నట్టు వినపడాలి. స్పీకర్లు అటూ ఇటూ జరిపి, సుద్దముక్కతో నేలమీద గుర్తులు పెట్టుకుని నేను సాధించిన సంగతి అది. ఆ రోజు వయొలిన్ కుడిపక్క గోడకి పోయి కూర్చుంది. మృదంగం కూడా దానితోపాటే అటు వెళ్ళిపోయింది.

ఎడమ స్పీకరు పోయిందనుకున్నాను. పోయిన వానాకాలం ఎలక ఒక వైరు కొరికి పెట్టింది. టార్చి వేసి వైరంతా చూశాను. ఎక్కడా గాటు లేదు. ఆంప్లిఫయరు వెనక ఎరుపు పిన్నూ తెలుపు పిన్నూ ఒకదాని చోట ఒకటి మార్చాను. ఇది వైర్లతో ఆడే వాళ్ళందరికీ తెలిసిన పరీక్షే. తప్పు కంప్యూటరుదైతే, ఇప్పుడు కుడి స్పీకరు ఆగి ఎడమది మోగాలి. పాట కుడిపక్కనే ఉంది. కంప్యూటర్లో కుడి ఎడమల చప్పుడు ఎక్కువ తక్కువలు చేసే గీత మీద గుర్తు మధ్యలోనే ఉందో లేదో చూశాను. మధ్యలోనే ఉంది. అయితే స్పీకరే కాలిపోయి ఉంటుందని, దాని ముందు మోకాళ్ళమీద కూర్చుని ఎడమ చెవి గుడ్డకి ఆనించాను.

ఏమీ లేదు. పాట ఎక్కడో దూరాన, పక్కింట్లో మోగుతున్నట్టుంది.

ముందున్న గుడ్డ ఫ్రేమును ఊడదీసి, లోపలి నల్లటి కాగితం మీద వేలు పెట్టాను. కాగితం అదురుతోంది. మృదంగం దెబ్బ పడినప్పుడల్లా నా వేలిని తోస్తోంది.

వేలు తియ్యకుండా కొంతసేపు అలాగే ఉన్నాను. తర్వాత తల తిప్పి కుడి చెవి దగ్గర పెట్టాను. వయొలిన్ నిండుగా, కమాను తీగమీద రాసుకునే గరగరతో సహా వినిపించింది. మళ్ళీ ఎడమ చెవి పెట్టాను. మళ్ళీ కుడి. సొరుగులోంచి హెడ్‌ఫోన్స్ తీసి పెట్టుకున్నాను. కుడివైపే పాట. వాటిని తిప్పి, ఎడమ గిన్నె కుడి చెవి మీదికి వచ్చేలా పెట్టుకున్నాను. అప్పుడూ కుడివైపే పాట. అప్పుడిక అర్థం కావడానికి ఏమీ మిగల్లేదు. హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని నేలమీదే కూర్చుండిపోయాను.

అత్తగారు వంటింట్లోంచి చూసి వచ్చారు.

"ఏంటమ్మా అలా కూలబడిపోయావు? కళ్ళు తిరిగాయా?"

"అత్తయ్యగారూ, ఈ ఎడమ పక్కది మోగుతోందా అండి?"

ఆవిడ నావైపు వింతగా చూశారు. "ఎందుకు మోగట్లేదు? రెండూ మోగుతున్నాయి కదా" అన్నారు.

మా ఆయన బజారునుంచి సంచీతో వచ్చేసరికి నేను కుర్చీలో ఉన్నాను. సంగతి చెప్తే ముందు కొట్టిపారేశారు. గుమిలి అయి ఉంటుంది, నీళ్ళు పోయి ఉంటాయి అన్నారు. తర్వాత "సరే, అటు తిరుగు" అని నా వెనక్కి వెళ్ళారు. కుడి చెవి వేలితో గట్టిగా మూసుకోమన్నారు. నేను గోడవైపు చూస్తూ ఆయన ఏదో అంటారని ఎదురుచూశాను. కొంతసేపయ్యాక, "కానివ్వండి, పిలవండి" అన్నాను. జవాబు లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన నా చెవి పక్కనే, నోరు సగం తెరిచి నిలబడి ఉన్నారు. అంతసేపూ పిలుస్తూనే ఉన్నారని ఆయన మొహం చూస్తే తెలిసింది.

నా భయానికి ఒక మొహం ఉంది. అది మా నాన్నది. మాది నరసాపురం దగ్గర చేపలు పట్టుకుని బతికే కుటుంబం. నాన్న చిన్నప్పుడు తెరచాప పడవల్లో వెళ్ళేవాడు. తర్వాత ఇంజను బోటు మీద పనికెళ్ళాడు. డీజిలు ఇంజను పక్కన ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. ఒక్కసారిగా కాదు. మొదట పక్షుల కూతలు, తర్వాత ఆడవాళ్ళ మాటలు, చివరికి అందరివీ. ఆఖరి రోజుల్లో అరుగుమీద కూర్చుని ఎవరు ఏమన్నా నవ్వేవాడు. చావు కబురు చెప్పినా నవ్వేవాడు. జనం ఆయనతో మాట్లాడటం మానేసి, ఆయన గురించి ఆయన ఎదుటే మాట్లాడుకునేవారు. ఆ ఆదివారం మధ్యాహ్నం అద్దంలో చూసుకుని, నా మొహం మీద ఆ నవ్వు ఎలా ఉంటుందోనని ఊహించుకున్నాను.

ఆదివారం కాబట్టి చెవి డాక్టర్లెవరూ లేరు. అత్తగారు వెల్లుల్లి వేసి నూనె కాచబోయారు. మా ఆయన వెళ్ళి అడిగితే, మందుల షాపతను చెవిలో ఏ చుక్కలూ వెయ్యొద్దని, పొద్దున్నే డాక్టరుకి చూపించమని అన్నాడట. ఆయన వచ్చి ఆ మాట చెప్పేదాకా నేను కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కసారిగా ఒక చెవి పోవడం గురించి వెతుకుతున్నాను. వెతక్కూడదని తెలుసు. తెరమీద నరాలు, రక్తం గడ్డలు, కణితి అన్న మాటలు కనిపించేసరికి మూసేశాను. మళ్ళీ తెరిచాను. ఆయన వచ్చి తెర ఆపేశారు.

పొద్దుగూకే వేళకి హాల్లో కుయ్‌మని సన్నగా మోత మొదలైంది. ఆంప్లిఫయరు ఆపడం మరిచిపోయాననుకుని వెళ్ళి స్విచ్చి నొక్కాను. అది అప్పటికే ఆగి ఉంది. గోడలోంచి ప్లగ్గు పీకేశాను. కంప్యూటరు వైరూ, ఆ చిన్న పెట్టె వైరూ పీకేశాను. ఫ్యాను ఆపాను. ఫ్రిజ్ కూడా ఆపబోతుంటే అత్తగారు చెయ్యి పట్టుకున్నారు.

"ఏం వినపడుతుందమ్మా నీకు?"

"కుయ్‌మంటోంది అత్తయ్యగారూ. మీకు వినపడట్లేదా?"

ఆవిడ చుట్టూ చూసి, తల అడ్డంగా ఊపారు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ మోత, వినడం చేతకాని నా ఎడమ చెవిలోనే పుడుతోందని అప్పుడు తెలిసింది. దాన్ని ఆపడానికి ఇంట్లో స్విచ్చి ఏదీ లేదు.

సోమవారం ఆయన స్కూలుకి సెలవు పెట్టి నన్ను రాజమండ్రి తీసుకెళ్ళారు. డాక్టరుగారు నా వయసావిడే. చెవిలో దీపం వేసి చూసి, గుమిలీ లేదు, నీళ్ళూ లేవు, కర్ణభేరి శుభ్రంగా ఉందన్నారు. గుమిలి ఉంటే బాగుండునని ఆ క్షణాన నేను ఎంతగా కోరుకున్నానో చెప్పలేను. ఆవిడ సైన్సు ల్యాబులో ఉండే శ్రుతిదండాన్ని మోచేతికి కొట్టి, నా నుదుటి మధ్యలో ఆనించారు.

"ఎటు వినపడుతుందండి?"

"కుడి పక్క."

"సరిగ్గా చూసి చెప్పండి."

"కుడి పక్కేనండి."

ఆవిడ దండం కింద పెట్టేశారు. తర్వాత నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించి, శబ్దం వినపడగానే చేతిలో ఉన్న బటను నొక్కమన్నారు. కుడి చెవికి శబ్దాలు ఎంత సన్నగా వచ్చినా నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుని అద్దంలోంచి చూశాను. పరీక్ష చేస్తున్న అమ్మాయి వేళ్ళు మీటలు తిప్పుతూనే ఉన్నాయి. ఆమె నావైపు చూడటం మానేసింది. నేను బటను మీద బొటనవేలు పెట్టుకుని, నొక్కే అవసరం రాక కూర్చున్నాను.

"చెవిలోంచి మెదడుకి వెళ్ళే నరం తాలూకు ఇబ్బంది ఇది" అన్నారు డాక్టరుగారు. "ఒక్కోసారి ఇలా ఉన్నట్టుండి వస్తుంది. ఎందుకొచ్చిందో చాలామందిలో తెలియదు. మీరు వెంటనే రావడం మంచిదైంది. కొందరికి మళ్ళీ వస్తుంది. కొందరికి కొంతవరకే వస్తుంది. కొందరికి రాదు."

"నాకండి?"

"ఇప్పుడే చెప్పలేనమ్మా."

మా నాన్న సంగతి చెప్పాను. దానికీ దీనికీ సంబంధం లేదన్నారావిడ. స్టెరాయిడ్ మాత్రలు రాసి, తలకి ఎమ్మారై తీయించమన్నారు. ఎందుకని మా ఆయన అడిగారు. "అరుదుగా నరం మీద చిన్న కణితి ఉన్నా ఇలాగే అవుతుంది. లేదని తేల్చుకోవడానికే" అన్నారావిడ. ఆ ముందు రోజు తెరమీద చూసి మూసేసిన మాటే అది. బల్లకింద ఆయన నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నలుగురి ముందు నా చెయ్యి పట్టుకోవడం నేనెరగను. అది నన్ను ఇంకా భయపెట్టింది.

ఎమ్మారై గొట్టంలో నన్ను పడుకోబెట్టి, తల కదలకుండా బిగించారు. అది చేసే చప్పుడు ఎవరో ఇనప డ్రమ్ములో రాళ్ళు వేసి దొర్లిస్తున్నట్టుంటుంది. చెవులకి దూది పెట్టారు. కుడి చెవిలోంచి దూదిని తోసుకుని మరీ వస్తోందా మోత. ఎడమ వైపు మాత్రం నా కుయ్‌మనే శబ్దం తప్ప ఏదీ లేదు. అంత గోలలో కూడా అటువైపు గది ఖాళీగా ఉంది. బయట ఉన్నవాళ్ళు నా తల లోపల ఏం చూస్తున్నారో అనుకుంటూ, కళ్ళు తెరవకుండా మా అమ్మాయి పేరు అనుకుంటూ పడుకున్నాను. ఫలితం చెప్పడానికి మర్నాడు పిలిచారు. కణితి లేదు. మా ఆయన బయటికి వచ్చి, బండి తాళం తియ్యబోయి తియ్యలేక, సీటుమీద చెయ్యానించి కొంచెంసేపు నిలబడిపోయారు.

కణితి లేదంటే భయం పోతుందనుకున్నాను. పోలేదు, చోటు మార్చుకుంది. మాత్రలు వేసుకుంటున్నా చెవి అలాగే ఉంది. మాత్రలకి ఆకలి పెరిగింది, చేతులు వణికేవి. ఆఫీసులో ఎడమ వైపు బల్ల దగ్గరున్నవాళ్ళు పిలిస్తే పలికేదాన్ని కాదు. వాళ్ళు కోపమొచ్చిందేమో అనుకున్నారు. నలుగురు ఒకేసారి మాట్లాడితే అదంతా ఒకే ముద్దగా వచ్చి పడేది. ఒకసారి పెద్దాఫీసరుగారు ఏదో అన్నారు. అర్థం కాలేదు. నేను నవ్వాను. నవ్విన మరుక్షణం మా నాన్న గుర్తొచ్చి, బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

అన్నిటికంటే రోడ్డు భయపెట్టింది. రెండు చెవులుంటే చప్పుడు ఎటునుంచి వస్తోందో మనం ఆలోచించక్కర్లేదు. ఒక చెవే ఉంటే ప్రతి చప్పుడూ అటునుంచే వస్తుంది. ఆ సంగతి తెలిసీ ఒక సాయంత్రం ఆఫీసునుంచి ఒక్కదాన్నే బయల్దేరాను. బ్యారేజీకి వెళ్ళే దారి దాటుతుంటే పెద్ద హారను వినిపించింది. కుడివైపునుంచే వస్తోందని నా చెవి చెప్పింది. కుడివైపు చూశాను, ఏమీ లేదు. ముందుకి అడుగేశాను. ఎవరో నా జబ్బ పట్టుకుని బలంగా వెనక్కి లాగారు. ఎడమవైపునుంచి ఇసక లారీ నా చీర చెంగుని ఎగరేసుకుంటూ వెళ్ళిపోయింది.

లాగినావిడ చేపల తట్ట పక్కన పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటమ్మా, అంతలా హారనేత్తంటే ఇనపళ్ళేదా?" అంది. నా మొహం చూసి ఆమె గొంతు తగ్గించింది. "కూకో, కాసేపు కూకో" అని నన్ను మూసి ఉన్న కొట్టు మెట్టుమీద కూర్చోబెట్టి, తన సీసాలోంచి నీళ్ళు తాగించింది.

"నాకు ఎడమ చెవి వినపడదు" అన్నాను. ఆ మాట బయటివాళ్ళతో అనడం అదే మొదటిసారి. అనగానే ఏడుపొచ్చింది. మా ఆయనకి ఫోను చేశాను. ఆయన బండి మీద వచ్చేదాకా ఆమె నా ఎడమ పక్కన కూర్చుని ఉంది.

ఆ వారమే డాక్టరుగారు మాత్రలు చాలడం లేదని, కర్ణభేరిలోంచి లోపలికి మందు ఎక్కించాలని అన్నారు. "చెవిలోకి సూదా అండి?" అని అడిగాను. ముందు తిమ్మిరెక్కించే మందు వేస్తామన్నారు. బల్లమీద పక్కకి తిరిగి పడుకున్నాను. లోపల ఒక్కసారి చురుక్కుమంది. తర్వాత చల్లగా ఏదో నిండింది. గది మొత్తం నెమ్మదిగా తిరిగి, మళ్ళీ నిలబడింది. మింగకుండా, మాట్లాడకుండా అలాగే పడుకోమన్నారు. కొన్ని రోజుల ఎడంతో అలాంటివి ఇంకా చేశారు. ప్రతిసారీ మొదటిసారంత భయమేసింది.

ఇంట్లో పాటలు ఆగిపోయాయి. కంప్యూటర్ని నేను ఒక్క పనికే వాడేదాన్ని. సన్నని కూతనుంచి లావుపాటి హూంకారం దాకా శబ్దాలు పుట్టించే ప్రోగ్రాం ఒకటి దించుకున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎడమ వైపుకి మాత్రమే శబ్దం పంపి, ఎక్కడైనా వినపడుతుందేమోనని చూసుకునేదాన్ని. పొద్దున లేవగానే, ఆఫీసుకి వెళ్ళే ముందు, వచ్చిన వెంటనే. వినపడిందనిపించేది. మళ్ళీ చూస్తే లేదు. నా చెవిలో మోతే ఆ శబ్దమని భ్రమపడేదాన్ని. ఒక రోజు మా ఆయన నా తలమీంచి హెడ్‌ఫోన్స్ తీసేశారు.

"రోజుకొకసారి చూసుకో. మిగతాసార్లు నువ్వు వినట్లేదు, భయపడుతున్నావంతే" అన్నారు. తర్వాత ఎప్పుడూ ముట్టుకోని ఆ కంప్యూటరు ముందు కూర్చుని, "ఈ కుడి ఎడమా రెండూ కలిపి ఒకటిగా పంపే వీలుందా?" అని అడిగారు.

ఉంది. దాన్ని మోనో అంటారు. పాత స్టీరియో పాటల్లో గొంతు ఒక పక్క, వాయిద్యాలు ఒక పక్క ఉంటాయి. ఒక్క చెవితో హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే సగం పాటే వస్తుంది. రెండూ కలిపేస్తే ఆ ఒక్క చెవికే మొత్తం అందుతుంది. ఎలా చెయ్యాలో నాకు తెలుసు. ఇన్ని రోజులూ చెయ్యలేదు. అలా చేస్తే ఎడమ చెవి పోయిందని నేనే ఒప్పుకున్నట్టవుతుందని భయం. ఆ మాట ఆయనకి చెప్పాను. ఆయన మౌస్ వదిలేసి, "అయితే ఇప్పుడొద్దులే" అని లేచి వెళ్ళారు.

అత్తగారు వంటింట్లో పాటలు లేవని ఒక్కరోజు కూడా అడగలేదు. అన్నాలప్పుడు నా ఎడమ పక్క కూర్చునే మనిషి, ఎవరూ చెప్పకుండానే కుడి పక్కకి మారారు. ఏదైనా చెప్పాలంటే నా ఎదురుగా వచ్చి నిలబడి చెప్పేవారు.

ఒక ఉదయం నేను డాబామీద బట్టలు ఆరేస్తున్నాను. కుడి చేతిలో తడి చీర ఉంది. ఫోను మోగితే ఎడమ చేత్తో తీసి, అలవాటుగా ఎడమ చెవికి పెట్టుకున్నాను. నరసాపురంనుంచి మా అమ్మ.

"అమ్మా, ఎలాగుంది?" అంది.

అది మా అమ్మ గొంతులా లేదు. రేకు డబ్బాలో ఎవరో గోళ్ళతో గీకుతూ మాట్లాడుతున్నట్టుంది. లైను బాగోలేదేమో అనుకుని, ఫోను కుడి చెవికి మార్చబోయాను. అప్పుడు తెలిసింది ఏ చెవితో విన్నానో. తడి చీర డాబామీద పడిపోయింది.

"అమ్మా, మళ్ళీ మాట్లాడు" అన్నాను.

"ఏం మాట్లాడను? ఎలాగుంది అంటన్నాను."

"ఏదో ఒకటి మాట్లాడు. ఆపకు."

అమ్మ కంగారుపడిపోయింది. అయినా మాట్లాడింది. పక్కింటివాళ్ళ మేకల గురించి, వాన రాకపోవడం గురించి, లేసు అల్లే ఆడవాళ్ళెవరో పోట్లాడుకోవడం గురించి. సగం మాటలు అందలేదు. అందినవి అమ్మ గొంతుతో లేవు. నేను మెట్లమీద కూర్చుని అన్నీ విన్నాను.

ఆ ఆనందం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. హాల్లో కూర్చుని, ధైర్యం చేసి, మొదటిరోజు ఆపేసిన ఆ వయొలిన్ కచేరీనే పెట్టాను. మొదట తంబూరా శ్రుతి వచ్చింది. ఒకటి కాదు, రెండు శ్రుతులు. కుడి చెవిలో ఒకటి, ఎడమ చెవిలో దానికంటే కొంచెం ఎక్కువ స్థాయిలో ఇంకొకటి. రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పళ్ళు పులిసేలా ఉన్నాయి. వయొలిన్ మొదలయ్యాక భరించలేక ఆపేశాను. కంప్యూటరు పాడైందేమోనని మళ్ళీ ఒక్కసారి ఆశపడ్డాను. అత్తగారిని పిలిచి వినమన్నాను. "బానే ఉంది కదమ్మా" అన్నారావిడ. చెవి ఏమీ వినకుండా ఉన్నప్పుడు కూడా నేనంత భయపడలేదు. కుడి చెవితోనైనా సంగీతం నాది అనుకున్నాను. ఇప్పుడు అది కూడా చెడిపోతుందా అనిపించింది.

డాక్టరుగారు మాత్రం ఆ మాట విని మొదటిసారి నవ్వారు. "అది మంచి గుర్తేనమ్మా. చెవి తిరిగి పని మొదలుపెట్టింది, లెక్క ఇంకా కుదర్లేదు. వింటూ ఉండండి, చిన్నగా. మెదడు సర్దుకుంటుంది" అన్నారు.

వింటూ ఉండమన్నారు కాబట్టి విన్నాను. రోజూ కొంచెంసేపు, భయపడుతూనే. మొదట మనుషుల మాటలు. అత్తగారి భాగవతం ఉపన్యాసమే నాకు పాఠమైంది. అందులో రాగం ఉండదు కాబట్టి శ్రుతి గొడవ తక్కువ. ఆవిడ వంటింట్లో ఒక పీట నాకోసం వేసేవారు. ఇద్దరం చిక్కుడుకాయలు వలుస్తూ వినేవాళ్ళం. నాకు అందని మాట వచ్చినప్పుడల్లా ఆవిడ తిరిగి చెప్పేవారు. తర్వాత పాటలు. రెండు శ్రుతుల మధ్య ఎడం వారాల మీద తగ్గుతూ వచ్చింది. ఎప్పుడు ఒకటయ్యాయో నేను గమనించలేదు. ఒక సాయంత్రం పాట అయిపోయాక, బాధపెట్టలేదే అని తోచింది.

మొత్తం రాలేదు. కింది స్వరాలు బాగా వచ్చాయి. పైవి, తాళం చిడతల చిరుసవ్వడి లాంటివి, ఎడమ వైపు ఇంక రావని డాక్టరుగారు చెప్పారు. కుయ్‌మనే మోత ఉంది. జనంలో ఉన్నప్పుడు మర్చిపోతాను, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే గుర్తొస్తుంది. కంప్యూటర్లో కుడి ఎడమల గీత ఇప్పుడు మధ్యలో లేదు. ఎడమకి జరిపి పెట్టుకున్నాను. మా ఇంటికి వచ్చి నా కుర్చీలో కూర్చున్నవాళ్ళకి వయొలిన్ ఎడమ పక్కన వినపడుతుంది. నాకు మాత్రం గడియారం కింద, దాదాపుగా అక్కడే ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌కి మోనో పెట్టుకున్నాను. పెట్టిన రోజు నేను భయపడ్డట్టు ఏమీ కాలేదు.

మళ్ళీ ఇలా ఎప్పుడైనా అయితే ఆ రోజే రమ్మని చెప్పారు డాక్టరుగారు. కుడి చెవికి కూడా కావచ్చా అని అడిగాను. చాలా అరుదన్నారు. అరుదన్న మాట నాకిప్పుడు ధైర్యం ఇవ్వదు. అందుకే పొద్దున కళ్ళు తెరిచాక, లేవకముందే, రెండు చెవుల దగ్గరా వేళ్ళు రాసి చూసుకుంటాను. కుడి పక్క చప్పుడు స్పష్టంగా వస్తుంది. ఎడమ పక్క ఎక్కడో దుప్పటి కింద నుంచి వచ్చినట్టు వస్తుంది. ఆ రెండో చప్పుడు వినపడేదాకా ఊపిరి బిగబట్టి ఉంటాను. మా ఆయన అప్పటికే కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటారు. నేను తల ఊపాక లోపలికి వస్తారు.